హన్మకొండలో పెద్దవాళ్ల కోసం ఇంటికి నర్సును పెట్టుకుంటున్నారా? ముందు ఇది చదవండి

ఇది ఏ హోం నర్సింగ్ ఏజెన్సీ గురించో హన్మకొండ, కాజీపేట వాళ్లకు పేరు రాయకుండానే అర్థమవుతుంది. ఆటోల వెనక, కరెంటు స్తంభాల మీద ఎక్కడ చూసినా వాళ్ల పోస్టర్లే.

మా అత్తమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాం. ఇద్దరం ఉద్యోగాలకు పోవాలి కదా, వీళ్లకు ఫోన్ చేశాం. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివిన నర్సును పంపుతామన్నారు. నెలకు 24 వేలు, డిపాజిట్ 10 వేలు, అంతా ముందే ఫోన్‌పే కొట్టించుకున్నారు. రశీదు అడిగితే "వాట్సాప్‌లో మెసేజ్ ఉంది కదా మేడం" అన్నారు. అది చాలనుకున్న మేధావిని నేనే.

వచ్చిన పిల్ల నిన్నమొన్నటి దాకా చౌరస్తాలో బట్టల షాపులో పని చేసిందట! యూరిన్ సంచి నడుము కంటే కిందికి వేలాడాలని కూడా తెలియదు, తెచ్చి మంచం మీద పెట్టింది. ఆమెను అనడానికి లేదు, నేర్పినవాళ్లు లేరు. మేమిచ్చే 24 వేలల్లో ఆమె చేతికొచ్చేది తొమ్మిదే. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం నేను ఒళ్లు తుడుస్తుంటే నడుము కింద ఎముక దగ్గర చర్మం ఊడి పుండు కనిపించింది.

మేనేజర్‌కు ఫోన్ చేశాను. డబ్బులు తీసుకున్న రోజు అత్తమ్మ కాళ్లకు మొక్కి "నన్ను మీ కొడుకే అనుకోండమ్మా" అన్నది ఈయనే. ఇప్పుడేమన్నాడో వినండి. "పుండ్లు మామూలే మేడం. 76 ఏళ్ల మనిషి, ఇంకెన్ని రోజులుంటది? గంత ప్రేముంటే జాబ్ బంద్ పెట్టి మీరే చూసుకోవాల్సింది." ఫోన్ స్పీకర్‌లో ఉంది. అత్తమ్మ పక్కనే ఉంది. ఆమెకు విరిగింది తుంటి సార్, చెవులు బాగానే పని చేస్తాయి. రాత్రి అన్నం వద్దంది.

డబ్బులు వెనక్కి ఇవ్వరట, మనిషిని మారుస్తారట. ఆ షరతు డబ్బు కట్టాక పంపిన పీడీఎఫ్‌లో ఎక్కడో ఉంది. ఈసారి ఎవరిని పంపుతారు, చెప్పుల షాపు నుంచా?

ఇప్పుడు మా గల్లీలో ఉండే రిటైరైన నర్సమ్మ వచ్చి డ్రెస్సింగ్ చేస్తోంది.

మీరు పెట్టుకునేటట్లయితే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ముందే అడగండి. డబ్బు వారం వారం ఇస్తామనండి. ఆయుష్మాన్ కార్డు ఉందని ధీమా పడకండి, 70 దాటినవాళ్లకు ఇచ్చే ఆ 5 లక్షలు ఆస్పత్రిలో చేరితేనే, ఇంట్లో మనిషిని పెట్టుకుంటే రావు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, వినియోగదారుల ఫిర్యాదులకు 1915. నేను 1915కు ఇచ్చాను. వీళ్ల దగ్గర డిపాజిట్ ఇరుక్కున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కలిసి వినియోగదారుల కమిషన్‌కు పోదాం.