ఆరుబయటికి పట్టుకెళ్లే బాలగేయాలు: బొమ్మల పుస్తకమా, కార్డులా?

చెట్టూ పిట్టా వానా మీద రాసిన పిల్లల గేయాలు ఎక్కువగా మూడు రూపాల్లో దొరుకుతాయి: పెద్ద బొమ్మల పుస్తకం, దళసరి అట్టల బోర్డుబుక్, రింగుకు గుచ్చిన లామినేషన్ కార్డులు. ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించడానికి బొమ్మల పుస్తకాన్ని మించింది లేదు. చీమలబారు పక్కన గొంతుక్కూర్చుని చదవాలంటే మాత్రం కార్డులకే మా ఓటు.

బొమ్మల పుస్తకంతో చిక్కు కాగితం దగ్గరే వస్తుంది. ఆర్ట్ పేపర్ ఎండలో తళతళలాడి అక్షరం కనిపించదు, తడిస్తే దాని పైపూత కరిగి పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బోర్డుబుక్ మూడేళ్లలోపు పిల్లలకు సరిపోతుంది. అట్ట మందం వల్ల పేజీలు తక్కువ, పేజీలు తక్కువ కాబట్టి గేయాలూ తక్కువే.

కార్డులు కొనేటప్పుడు అంచు చూడండి. లామినేషన్ ఫిల్మ్, అంటే పైనున్న ప్లాస్టిక్ పొర, కాగితం అంచు దాటి చుట్టూ 3 మి.మీ. దాకా ఉండాలి. కాగితంతో సమానంగా కత్తిరించిన సెట్లలో నీరు పక్కనుంచి ఎక్కి సిరా పాకుతుంది. రింగు రంధ్రం దగ్గరా ఇదే తంతు. లామినేషన్ అయ్యాక కాగితాన్ని కూడా కలిపి పొడిస్తే తడికి దారి ఇచ్చినట్టే. ముందు కాగితానికి పెద్ద రంధ్రం చేసి, తర్వాత దాని మధ్యలో ఫిల్మ్‌కు చిన్నది పొడిచిన సెట్టు మన్నుతుంది. ఫిల్మ్ మెరుపు లేనిదై ఉండాలి. మూలలు గుండ్రంగా లేకపోతే గుచ్చుకుంటాయి. 105 × 148 మి.మీ. సైజు ఒక చేతికి సరిపోతుంది, రెండో చెయ్యి పిల్లవాణ్ణి పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది. అచ్చు 20 పాయింట్లకు తగ్గకూడదు. వరుసల మధ్య జాగా చాలకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగిలి, కూడబలుక్కునే పిల్లలు అక్కడే ఆగిపోతారు.

ఇక అసలు సరుకు, గేయం. పైకి చదివితేనే దాని బండారం తెలుస్తుంది. ‘చకచక చీమలు కదిలాయి’ అనే పాదం చూడండి. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత కాలం. ‘చకచక’ నాలుగు మాత్రలు, ‘చీమలు’ నాలుగు, ‘కదిలాయి’ దగ్గరికొచ్చేసరికి ఐదు. నడుస్తూ పాడితే అడుగు తడబడేది అక్కడే. కొందరు ‘కదిలెను’ అని సర్దుతారు. లెక్క కుదురుతుంది గానీ ఆ మాట పిల్లల నోట పలకదు. ‘కదిలాయ్’ అంటే నాలుగే, పైగా వాళ్ల మాటే. నడకకు నాలుగు మాత్రల చతురస్రగతి హాయిగా ఉంటుంది. గెంతులకు మూడు మాత్రల తిశ్రగతి కావాలి: ‘మబ్బు మబ్బు ఎక్కడికే’. సెట్టంతా ఒకే గతిలో ఉంటే ఐదో కార్డుకల్లా పిల్లలు దిక్కులు చూస్తారు.

చాలా సెట్లు బోల్తా కొట్టేది నిజానిజాల దగ్గర. మబ్బుకు దాహమేసిందంటే అది కల్పన, ఎవరికీ అభ్యంతరం లేదు. సాలీడుకు ఆరు కాళ్లు గీస్తే తప్పు, ఉండేవి ఎనిమిది. ‘కుహూ’ అని గొంతెత్తేది నల్లటి మగకోయిల. ఆడది గోధుమరంగు మీద చుక్కలతో ఉంటుంది, దాని కూత వేరు. అయినా ఏ సెట్టు తీసినా ‘కోయిలమ్మ’ పాడుతూనే ఉంటుంది! హరివిల్లు పక్కనే సూర్యుణ్ణి వేసే బొమ్మ ఇంకొకటి. సూర్యుడు వీపు వెనక ఉంటేనే హరివిల్లు కనిపిస్తుంది, రెండూ పక్కపక్కన ఉండవు. నెలవంక కొమ్ముల మధ్య చుక్కా అంతే. అక్కడున్నది చంద్రుడి చీకటి భాగం, దాన్ని దాటి చుక్క కనపడదు. బయట నిలబడి చదివే పిల్లవాడు తలెత్తి చూస్తాడు కాబట్టి ఇంట్లో చెల్లిన తప్పు ఇక్కడ చెల్లదు.

వెనకవైపు ‘ఎక్కడ వెతకాలి’ అని రెండు ముక్కలున్న సెట్టు దొరికితే వదలొద్దు. వానపాము కార్డు వెనక ‘వాన వెలిశాక, తడి మట్టిలో’ అని ఉంటే చాలు. నీతివాక్యం అచ్చేసినవి మాకు నచ్చవు.

ఐదు మార్కులకు గాను కార్డులకు నాలుగు, బొమ్మల పుస్తకానికి మూడు, బోర్డుబుక్‌కు రెండున్నర. కార్డులకు ఒక మార్కు తగ్గించింది రింగు వల్ల: ఇరవై కార్డులు దాటితే బరువుకు నోరు తెరుచుకుంటుంది, మూసేటప్పుడు చిన్న వేళ్లు నలుగుతాయి. దాన్ని తీసేసి ఒక నూలుతాడు కట్టుకోండి, ఆ పూటకు కావలసిన రెండు మూడు కార్డులే గుచ్చుకోండి.