మూత్రాశయంలో గడ్డ: స్కాన్ రిపోర్టును నమ్మాలా, ముక్క పరీక్షకు వెళ్లాలా?

మూత్రంలో రక్తం పడి, స్కాన్‌లో మూత్రాశయంలో గడ్డ ఉందని వస్తే ఇంటిల్లిపాదికీ టెన్షనే. అది క్యాన్సరే కావచ్చు, అందుకే ఒక్క వారం కూడా వృథా చేయకూడదు. కానీ అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తూ క్యాన్సర్ కాని జబ్బులూ కొన్ని ఉన్నాయి. అవి అరుదే. ఆ అరుదైనవాళ్లలో మనం ఉన్నామో లేదో ఏ పరీక్ష చెబుతుంది?

సీటీ స్కాన్‌తో నొప్పి ఉండదు. గడ్డ ఎంత ఉంది, గోడ దాటినట్టుందా, కిడ్నీలు ఉబ్బాయా అన్నది చూపిస్తుంది. అదేం గడ్డో మాత్రం ఖాయంగా చెప్పలేదు. మూత్రంలో కణాలను చూసే సైటాలజీ ఇంకా తేలిక, సీసాలో మూత్రం ఇస్తే చాలు. ముదురు రకం క్యాన్సర్‌ను బాగానే పడుతుంది, నెమ్మదిగా పెరిగే రకాన్ని తరచూ వదిలేస్తుంది. నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు.

నా ఓటు ముక్క పరీక్షకే, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసే బయాప్సీకే. మలకోప్లేకియానే చూడండి. 1902లో మైకేలిస్, గుట్‌మాన్ అనే జర్మన్ వైద్యులు వర్ణించిన జబ్బు ఇది. ఆడవాళ్లలో ఎక్కువ. రక్షక కణాలు ఈ.కోలై బ్యాక్టీరియాను మింగుతాయి గానీ అరిగించుకోలేవు. ఆ మిగులు మీద కాల్షియం, ఇనుము పేరుకుని, మైక్రోస్కోప్ కింద వలయంలో వలయంలా గుండ్రటి చుక్కలు కనిపిస్తాయి. కెమెరా గొట్టంతో లోపల చూసిన డాక్టరుకి మెత్తటి పసుపు మచ్చలో, గడ్డో కనిపిస్తుంది. ఆ చుక్కలు దొరికితే ప్రధాన వైద్యం యాంటీబయాటిక్, అదీ వారాల తరబడి.

మూత్రాశయ టీబీ కూడా ఇలాగే మోసం చేస్తుంది. దానికి వాడాల్సింది టీబీ మందులు.

ముక్క తీసినా తికమకపెట్టేది ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్ అనే అరుదైన గడ్డ. సార్కోమా అనే క్యాన్సర్ అని పొరబడే అవకాశం ఉంది. ఏఎల్‌కే అనే ప్రోటీన్ కోసం చేసే రంగు పరీక్ష చాలా కేసుల్లో దారి చూపిస్తుంది. సాధారణంగా గడ్డ వరకు పూర్తిగా తీస్తే సరిపోతుంది. తిరిగి రావచ్చు కాబట్టి చెకప్‌లు మానకూడదు.

ముక్క పరీక్షకు కష్టం లేకపోలేదు: మత్తు, ఒకటి రెండు రోజులు మూత్రానికి గొట్టం, ఆ తర్వాత మంట. అయినా మూత్రాశయం మొత్తం తీసేయాలంటే ఒప్పుకునే ముందు, రిపోర్టులో ఏమాత్రం అనుమానం ఉన్నా, ల్యాబ్ నుంచి స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు అడిగి తీసుకుని మరో పాథాలజిస్టుకు (ముక్కల్ని పరీక్షించి జబ్బు చెప్పే డాక్టరుకు) చూపించండి.