షాంఘై చలికాలంలో గావ్‌ఫాంగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

షాంఘై, హాంగ్‌జౌ, సుజౌ ప్రాంతాల్లో చలికాలం వచ్చిందంటే సంప్రదాయ వైద్యశాలల్లో గావ్‌ఫాంగ్ రాయించుకునేవారి రద్దీ మొదలవుతుంది. రోగి నాడి, నాలుక చూసి వైద్యుడు ప్రత్యేకంగా రాసే మూలికల చిక్కటి పాకం ఇది. లేహ్యం తిన్న అలవాటున్న తెలుగువారికి రూపంలోనూ, తినే పద్ధతిలోనూ కొత్తగా అనిపించదు. ఉద్యోగరీత్యా షాంఘైలో ఉంటున్న నేను ఈ పాకాన్ని, దానితో పాటు ఇక్కడి వైద్యులు చెప్పే శీతాకాల నియమాలను కొన్నేళ్లుగా పాటిస్తున్నాను. పాకం మంచిదే గాని, నాకు ఎక్కువ మేలు చేసినవి దానికి తోడుగా చెప్పిన, దాదాపు ఖర్చు లేని నియమాలే.

ఇక్కడి చలి గురించి కొంచెం చెప్పాలి. చైనాలో ఛిన్‌లింగ్ పర్వతాలు, హువాయ్ నది కలిపే రేఖకు ఉత్తరాన ఇళ్లకు ప్రభుత్వ తాపన వ్యవస్థ ఉంది. దక్షిణాన ఉన్న షాంఘైకి అది లేదు. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరకు దిగినప్పుడు తేమతో కూడిన చలి గదిలోపలికి కూడా వస్తుంది. గోదావరి తీరంలో పెరిగిన నాకు పాదాలు రాత్రంతా వెచ్చబడకపోవడమే ప్రధాన బాధ, అందువల్ల నిద్ర సరిగా పట్టకపోవడం రెండోది. వైద్యుడి దగ్గరకు వెళ్లింది ఈ రెండింటి కోసమే.

చైనా వైద్యానికి మూలగ్రంథమైన ‘హువాంగ్‌దీ నేయ్‌జింగ్’ శీతాకాలపు మూడు నెలలను మూసి దాచుకునే కాలంగా వర్ణిస్తుంది. తొందరగా పడుకోవాలని, ఆలస్యంగా లేవాలని, సూర్యకాంతి వచ్చేవరకు ఆగాలని, చలికి దూరంగా వెచ్చదనంలో ఉండాలని, చర్మం నుంచి చెమటగా శక్తి కారిపోనివ్వకూడదని అందులో చెప్పారు. ఈ ఋతువు మూత్రపిండాలకు చెందినదని వారి లెక్క. అయితే అక్కడ మూత్రపిండమంటే ఆధునిక వైద్యం చెప్పే అవయవం ఒక్కటే కాదు, ఎముకలు, వినికిడి, సంతానశక్తి, శరీరంలో నిల్వ ఉండే మూలసారం అన్నీ దాని కిందికే వస్తాయి. నల్ల నువ్వులు, నల్ల బీన్స్, అక్రోటు గింజలు ఈ కాలంలో ఎక్కువగా తినమనడం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

పాకం తయారీని ఒకసారి దగ్గరుండి చూశాను. తరచుగా ముప్ఫైకి పైగా ఉండే మూలికలను రాత్రంతా నానబెట్టి, మళ్లీ మళ్లీ కాచి, వడగట్టి, ఆ కషాయాన్ని సన్నని మంట మీద గంటల తరబడి ఇగరబెడతారు. చివర బెల్లం పాకం లాంటి చక్కెర, జంతు జిగురు కలిపి తిప్పుతారు. గరిటె నుంచి జారే పాకం జెండాలా వేలాడితే దించే సమయం వచ్చినట్టు. నా పాకంలో హువాంగ్‌ఛీ, దాంగ్‌గుయ్ అనే వేర్లు, గోజీ పండ్లు, ఎండు ఎర్ర రేగుపళ్లు ఉన్నాయి. అవి బరువుగా అరుగుతాయి కాబట్టి కమలా తొక్క, యాలకుల జాతికి చెందిన షారెన్ కూడా చేర్చారు. సాధారణంగా డిసెంబరు 21 లేదా 22న వచ్చే దోంగ్‌జీ (ఏడాదిలో అతి చిన్న పగలు) నుంచి ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే లీచున్ (వసంతారంభం) వరకు ఉదయం పరగడుపున, రాత్రి పడుకునే ముందు ఒక్కో చెంచా గోరువెచ్చని నీళ్లలో కలుపుకుని తాగాలి. అంతకు ముందు రెండు వారాల పాటు జీర్ణాన్ని సరిచేసే కషాయం ఇస్తారు. ఈ దశను దాటవేసి నేరుగా పాకం అమ్మే దుకాణాలను నేను నమ్మను.

జంతు జిగురు విషయం మనవాళ్లు తప్పక అడిగి తెలుసుకోవాలి. అందులో ప్రధానమైన అజ్యావ్ గాడిద చర్మం నుంచి తీసేది, దాన్ని కరిగించడానికి బియ్యపు మద్యం వాడతారు. ఆ చర్మాల కోసం ఆఫ్రికాలో గాడిదలను విపరీతంగా వధించడం వల్ల 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ వాటి వధను నిషేధించాలని నిర్ణయించింది. బతుకుతెరువు కోసం గాడిదనే నమ్ముకున్న కుటుంబాల నుంచి వచ్చే వస్తువు నా ఆరోగ్యానికి అక్కర్లేదని మొదటి నుంచీ వైద్యుడికి చెబుతున్నాను. అడిగితే జిగురు లేకుండా తేనెతో చేసి ఇస్తారు; అది కొంచెం పలుచగా ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టి, తడిలేని చెంచాతో తీసుకోవాలి.

ఫలితాల సంగతి. ఒక శీతాకాలం పాకం మానేసి నియమాలు మాత్రమే పాటించాను. పాకం తీసుకున్న ఏళ్లతో పోలిస్తే పాదాల వెచ్చదనంలోనూ, నిద్రలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాకం తీసుకున్న ఏళ్లలో ఆకలి, సాయంత్రపు నీరసం మెరుగ్గా ఉన్నమాట నిజం. జలుబులు తగ్గాయని మాత్రం చెప్పలేను. అదే సమయంలో, పడుకునే ముందు ఎండిన మాచిపత్రి జాతి ఆకు, అల్లం వేసి కాచిన నీటిని దాదాపు 40 డిగ్రీలకు చల్లార్చి, లోతైన చెక్క తొట్టిలో పిక్కల వరకు మునిగేలా పదిహేను ఇరవై నిమిషాలు పాదాలు ఉంచడం నాకు మొదటి వారం నుంచే పనిచేసింది. నుదుటి మీద సన్నగా చెమట పట్టగానే ఆపాలి, ధారగా కారనివ్వకూడదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు కాలే ప్రమాదం ఉంది కాబట్టి దీని జోలికి వెళ్లకూడదు.

ఆహారంలో నాకు అన్నిటికంటే నచ్చింది దాంగ్‌గుయ్, అల్లం వేసిన వేటమాంసం పులుసు. చైనాలో తూర్పు హాన్ రాజవంశ కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన యోగం ఇది. చలికాలంలో ముల్లంగి తింటే వైద్యుడి అవసరం రాదని ఇక్కడి సామెత, కానీ పాకం తీసుకునేవారికి ముల్లంగి, చిక్కటి టీ నిషేధం.

ఖర్చు కొన్ని వేల యువాన్లు అవుతుంది. జీర్ణం బాగా ఉండి, చలి వల్ల మాత్రమే ఇబ్బంది పడేవారు ఆ డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. దాంగ్‌గుయ్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారిలో రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతుంది, అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, జుట్టు కోసం వేసే హషౌవూ అనే వేరు వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వేసుకుంటున్న మాత్రల జాబితా చైనా వైద్యుడికి, పాకంలోని మూలికల జాబితా మీ సొంత వైద్యుడికి ముందే చూపించండి. మధుమేహం ఉంటే చక్కెర బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం వేయమని అడగండి. రాజమండ్రిలో ఉన్న మా అమ్మ ఒక సీసా పంపమని అడిగితే నేను పంపలేదు. నా నాడి చూసి, ఈ ఊరి చలికి రాసిన పాకం అది. ఆమె ఇప్పటికే రక్తపోటు మాత్రలు వాడుతోంది.