సైటోకలాసిన్ బి కొనాలా, డి కొనాలా?

హన్మకొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న మా చెల్లె ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇదే. రెండూ కణాల ప్రయోగాల్లో వాడే మందులు, బూజుల నుంచి వచ్చినవే, రెండూ యాక్టిన్ (కణానికి ఆకారం, కదలిక ఇచ్చే ప్రొటీన్) పోగు వేగంగా పెరిగే కొసను పట్టుకొని కొత్త అణువులు చేరకుండా ఆపుతాయి. డి ఇచ్చే మెటారైజియం అనే బూజు మన పత్తి రైతులకూ తెలిసిందే, పురుగుల మీద కొట్టే జీవ మందుల్లో ఉంటుంది.

అసలు తేడా గ్లూకోజ్ దగ్గర. బి యాక్టిన్‌తో ఆగదు, కణంలోకి గ్లూకోజ్‌ను మోసే ప్రొటీన్లనూ అడ్డుకుంటుంది. నేను చదువుకునేటప్పుడు చక్కెర ప్రయోగంలో బి వాడి, కణాలు గ్లూకోజ్ తీసుకోకపోవడానికి యాక్టినే కారణమని రాసుకున్నా, రెండు వారాల పని పోయింది. డి కి ఆ బాధ లేదు, పైగా యాక్టిన్ మీద తక్కువ మోతాదులోనే పని చేస్తుంది. డి వేసిన కాసేపటికి పరుచుకొని ఉన్న కణం ముడుచుకుపోయి, సన్నటి కొమ్మలు మాత్రమే మిగిలి, ఆకులు రాలిన చెట్టులా కనిపిస్తుంది. మందు కడిగేస్తే మళ్లీ పరుచుకుంటుంది, అది చూడాల్సిందే.

అలాగని బి ని తీసిపారేయొద్దు. రక్తకణాల్లో జన్యునష్టం చూసే మైక్రోన్యూక్లియస్ పరీక్షకు అదే కావాలి: కణాలను పెంచడం మొదలుపెట్టిన 44వ గంటకు వేస్తే కేంద్రకం రెండవుతుంది గానీ కణం విడిపోదు, ఆ జంట కేంద్రకాల కణాల్లోనే మైక్రోన్యూక్లియస్‌లను, అంటే నష్టం వల్ల విడిగా మిగిలిన బుల్లి కేంద్రకాలను, లెక్కపెడతారు.

చెల్లెది కణాల కదలిక మీద పని, అందుకే డి తీసుకోమన్నా. రెండూ విషాలే, గ్లౌజులు లేకుండా సీసా ముట్టొద్దని కూడా చెప్పా.