డిక్కీ అద్దం వేయించాను: ఆటోనగర్ షాపుకి ఐదుకి నాలుగు

ఆషాఢం వెళ్ళింది. అమ్మాయిని భీమవరం పంపాలని శ్రావణంలో సారె సర్దుతున్నాం. బండి మహీంద్రా ఎక్స్‌యూవీ 500, 2017 మోడల్, డబ్ల్యూ8. మూడో వరస సీట్లు మడిచేసి అరిసెల డబ్బాలు, సున్నుండలు, చలిమిడి పెట్టాం. వాటి పక్కన ఇత్తడి బిందె. బిందె అంచు అద్దానికి ఆనేట్టుంది చూడండి అని మా ఆవిడ చెబుతూనే ఉంది. "ఆనితే ఏమవుద్దిలే" అని డిక్కీ తలుపు గట్టిగా వేశాను. టపాకాయ పేలినట్టు ఒకటే చప్పుడు. అద్దమంతా శనగ గింజలంత ముక్కలైపోయి సగం రోడ్డు మీద, సగం సారె మీద పడింది. పెద్ద డబ్బాకి మూత ఇంకా పెట్టలేదు.

ఆ అరిసెలన్నీ పారబోశాం. మిగిలిన సారె మా బామ్మర్ది కారులో వెళ్ళింది. నేను వెనకాల తలుపు నోరు తెరిచిన బండితో తెనాలిలోనే ఉండిపోయాను. మా ఆవిడ వారం రోజులు ఏమీ అనలేదు. అంటేనే బావుండేది.

ముందు అద్దానికి రాయి తగిలితే సాలెగూడులా చీలి అక్కడే నిలబడుతుంది, ఎందుకంటే అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. వెనకది అలా కాదు. బాగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చిన గట్టి గాజు అది. నడిమధ్యన గుద్దితే ఓర్చుకుంటుంది. అంచు దగ్గర చిన్న గట్టి దెబ్బ తగిలిందా, మొత్తం ఒకేసారి రాలిపోతుంది. కాబట్టి అతికించడాలు, పగులు పూడ్చడాలు ఏమీ ఉండవు. కొత్తది వేయాల్సిందే.

మర్నాడు ప్లాస్టిక్ పట్టా కట్టి ఊళ్ళోనే కాస్త తిరిగాను. పది నిమిషాల్లో బండి నిండా డీజిల్ వాసన. వెనక తెరిచి ఉంటే బండి పోతున్నప్పుడు సైలెన్సర్ పొగ లోపలికే లాక్కుంటుంది. తప్పక నడపాల్సి వస్తే ముందు కిటికీలు దించి, ఏసీ బ్లోయర్‌ని బయటి గాలి మీద పెట్టుకుని నడపండి. టేపు కూడా పెయింటు మీద ఎండలో రోజుల తరబడి ఉంచకండి. జిగురు పట్టేస్తుంది, దాన్ని వదిలించడం వేరే పని.

ఊళ్ళో మొదట ఒక షాపుకి వెళ్ళాను. పేరు వద్దు. 5,500కి గంటలో వేసేస్తానన్నాడు. అద్దం తెచ్చి చూపించాడు. మూలన ఏ గుర్తూ లేదు, పేరూ లేదు. "ఒరిజినల్‌కేం తక్కువ కాదు సార్" అన్నాడు. బల్ల మీద చూస్తే సిలికాన్ ట్యూబు ఉంది. బాత్రూం గోడల సందులకి కొట్టే రకం, మూత తీస్తే వెనిగర్ వాసన వచ్చేది. ఆ వాసన వచ్చే రకం రేకుని తినేస్తుంది. నాలుగు వర్షాలు పడేసరికి తుప్పు, ఆ తుప్పు మీద ఎంత గమ్ము పెట్టినా అద్దం పట్టదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

తరవాత కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. అన్నీ కలిపి 13,400, అద్దం తెప్పించడానికి వారం పడుతుందన్నారు. ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దామని మా అబ్బాయి సలహా. ముప్పై నాలుగేళ్ళు విద్యుత్ శాఖలో చేసినవాణ్ణి, మీటరు చూడందే మాట నమ్మను. పాలసీ తీసి కాగితం మీద లెక్క వేశాను.

అద్దానికి తరుగు కొయ్యరు, బండి ఎంత పాతదైనా సరే. ఇది మంచి సంగతే. రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకి మాత్రం సగం కోస్తారు. గమ్ము, ప్రైమర్ కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయే సామాన్లు) లెక్కలో పోతాయి, ఆ కవర్ విడిగా తీసుకోకపోతే జేబులోంచే. ఇంకా 1500 సీసీ దాటిన బండి కాబట్టి తప్పనిసరిగా 2,000 నేనే పెట్టుకోవాలి. వెరసి 3,900 దాకా నా నెత్తిన. అక్కడితో అయిపోతే ఫరవాలేదు. అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ దగ్గరుంది, అంటే క్లెయిమ్ చేయని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. నాది 45 శాతం, వచ్చే రెన్యువల్‌కి 50 అవ్వాలి. బోనస్ తీయకముందు నా ఓడీ ప్రీమియం (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం) 11,000. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు బోనస్ సున్నా, ఆ మీద 20, ఆ మీద 25. మామూలుగా అయితే మూడేళ్ళూ 50 వచ్చేది. అంటే పోయేది మొదటి ఏడు 5,500, రెండో ఏడు 3,300, మూడో ఏడు 2,750. మొత్తం 11,550, జీఎస్టీ కలపకుండా. ఏటా బండి విలువ తగ్గుతుంది కనక ఇంకొంచెం తక్కువే పోవచ్చు, అయినా ఆ 3,900 కలిపితే అద్దం ఖరీదు దాటిపోతోంది. బోనస్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకున్నవాళ్ళకి ఈ లెక్క వేరు, మీ పాలసీలో ఉందేమో చూసుకోండి. క్లెయిమే చేయదలిస్తే అద్దం వేయించకముందే కంపెనీకి చెప్పి ఫొటోలు తీసిపెట్టాలి, అయ్యాక చెబితే కుదరదు. నేను మాత్రం వద్దనుకున్నాను.

దుగ్గిరాల మీదుగా, వారధి దాటి విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళాను. అక్కడ దొరకని సామాను ఉండదంటారు, కానీ ఏది అసలుదో ఏది కాదో చూసుకోవాల్సింది మనమే. పాత స్నేహితుడొకడు చెప్పిన షాపు, కార్ల అద్దాలు తప్ప ఇంకో పని చేయరు. మేస్త్రీకి నలభై ఉంటాయి, మాట తక్కువ. నేను మోడల్ చెప్పబోతే ఆపి "ఆర్సీ ఇవ్వండి సార్" అన్నాడు. ఛాసిస్ నంబరు పెట్టి సామాను చూసుకున్నాడు. ఒకే బండిలో వేరియంట్లని బట్టి వెనక అద్దాలు మారతాయట. ఒకదానికి హీటరు గీతలుంటాయి, ఒకదానికి ఉండవు. కొన్ని బళ్ళలో ఏంటెన్నా కూడా ఆ గీతల్లోనే కలిసి ఉంటుంది. కొన్నింటికి వైపర్ రాడ్డు అద్దంలో చిల్లు పెట్టి వస్తుంది, కొన్నింటికి తలుపు రేకులోంచి వస్తుంది. తక్కువకి దొరికిందని గీతల్లేని అద్దం వేయించుకుంటే వర్షాకాలంలో బటన్ నొక్కి కూర్చోవడమే, అద్దం మీద పట్టిన ఆవిరి పోదు.

అద్దం రెండో రోజుకి వచ్చింది. మూలన గుర్తులు చదివాను. ఐఎస్‌ఐ ముద్ర, దాని దగ్గర ఐఎస్ 2553 (సేఫ్టీ గాజు ప్రమాణం నంబరు), టఫెన్డ్ (గట్టి గాజు) అన్న మాట, తయారు చేసిన కంపెనీ పేరు. నా బండి పక్క అద్దాల మీదున్న కంపెనీయే. మన దేశంలో బళ్ళకి ఎక్కువగా వచ్చేవి ఏఐఎస్, సెయింట్ గోబైన్ సెక్యూరిట్ అద్దాలు. మీ పక్క అద్దం మీద ఏముందో ముందే ఫొటో తీసుకుని వెళ్ళండి, షాపులో ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఈలోగా బండి శుభ్రం చేశారు. ఇదే నన్ను మెప్పించింది. వేరే చోట్ల వాక్యూమ్ తిప్పేసి అయిపోయిందంటారు. ఇక్కడ తలుపు లోపలి ప్లాస్టిక్ పలక పూర్తిగా ఊడదీశారు. తలుపు పొట్టలో రెండు గుప్పిళ్ళ పెంకులు. డిక్కీ కార్పెట్ కింద, మడత సీట్ల కీళ్ళలో, సీట్‌బెల్ట్ చుట్టుకునే డబ్బా దగ్గర కూడా. బెల్టుల దగ్గర కుర్రాడు టార్చి వేసి చిన్న కుంచెతో ఊడ్చాడు. అక్కడ పెంకు ఇరుక్కుంటే బెల్టు నలిగి తెగుతుందన్నాడు. ఆ కుర్రాడికి ఇరవై కూడా ఉండవు.

గమ్ము దగ్గర మేస్త్రీతో నాకు చిన్న వాదన జరిగింది. తలుపు అంచు చుట్టూ పాత నల్ల గమ్మూ, దానికి అంటుకుని గాజు ముక్కలూ ఉన్నాయి. అతను ముక్కలు ఏరేసి, గమ్మును కత్తితో ఒకే మందంలో పలచగా కోసి వదిలేశాడు. "ఏమయ్యా, పాతదంతా గీకేసి కొత్తది పెట్టాలి గానీ" అన్నాను. "గీకితే రేకు మీద పెయింటు పోద్ది సార్, తుప్పు మొదలయ్యేది అక్కడే. కంపెనీ గమ్ము మిల్లీమీటరో రెండో ఉంటే దాని మీద కొత్తది గట్టిగా పడుతుంది" అన్నాడు. గీత పడ్డ రెండు చోట్ల ప్రైమర్ పూశాడు. అద్దం అంచున ఉండే నల్ల పట్టీ మీద కూడా పూసి ఆరనిచ్చాడు. ఆ పట్టీ అందానికి అనుకునేవాణ్ణి. ఎండ గమ్ముకి తగలకుండా ఉండటానికట.

అప్పుడు పీయూ (పాలీయురెథేన్) గమ్ము గన్‌తో ఒకే వరసగా, ఎక్కడా ఆపకుండా పెట్టి, ఇద్దరు సక్షన్ కప్పులతో అద్దాన్ని దించారు. జల్లు పడే రోజు కదా, గమ్ము ఆరుతుందా అని అడిగాను. పీయూ గాలిలో తేమ తీసుకునే గట్టిపడుతుంది, ఎండా వడగాలీ కంటే ఉక్కపోతే మేలన్నాడు. గంటన్నర బండి కదపనివ్వలేదు. ఒక రోజంతా నీళ్ళు కొట్టి కడగొద్దు, రెండు రోజులు గతుకుల రోడ్డు వద్దు, ఎప్పుడూ ఒక కిటికీ అంగుళం దించి ఉంచమన్నాడు. అన్నీ మూసి తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి నెడుతుంది. బిందె సంగతి అతనికి చెప్పలేదు.

హీటరు గీతల దగ్గర మాత్రం నేనే మేస్త్రీని. మల్టీమీటర్ వెంట తీసుకెళ్ళాను. అద్దానికి రెండు పక్కలా వైరు తగిలించే చిన్న రేకు ముక్కలుంటాయి. అవి గాజుకి అతికించి ఉంటాయి, కుర్రాడు వైరు పెట్టేటప్పుడు లాగితే ఊడొచ్చేస్తాయి, అంతే సంగతులు. ఇంజన్ స్టార్ట్ చేసి బటన్ నొక్కి చూశాను. రెండు కొసలకీ మధ్య 13 వోల్టులు దాటి చూపించింది. ప్రతి గీతా సరిగ్గా మధ్యలో చూస్తే దాన్లో సగం చూపించాలి. ఏ గీత దగ్గరైనా పూర్తిగా 13 గానీ సున్నా గానీ వస్తే ఆ గీత ఎక్కడో తెగినట్టు. అన్నీ సగమే చూపించాయి. మీటరు లేనివాళ్ళు తడిగుడ్డతో అద్దం లోపల తుడిచి బటన్ నొక్కండి, నిమిషం రెండు నిమిషాల్లో చార చారగా ఆరుతుంది. ఆరని చార ఉంటే అక్కడే చెప్పండి, డబ్బులిచ్చాక కాదు.

నల్ల ఫిల్మ్ వేద్దామా అని కౌంటర్లో అడిగారు. వెనక అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు పోవాలి, పక్కవాటికి 50. అంత వెలుతురు పోనివ్వని ఫిల్ములు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. పైగా రేపు ఆ ఫిల్మ్ పీకేటప్పుడు హీటరు గీతలు దాంతోపాటే లేచొస్తాయి. వద్దన్నాను.

అద్దం 6,800, గమ్మూ ప్రైమరూ బీడింగూ కలిపి 1,100, కూలి 1,200. మొత్తం 9,100, బిల్లుతో. నీళ్ళు కారితే ఏడాది వరకు ఉచితంగా చూస్తామని బిల్లు మీదే రాసిచ్చారు. అద్దం పగిలితే మాత్రం ఎవరూ పూచీ పడరు, అది న్యాయమే.

ఇక ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే. నాలుగో రోజు వెనక వైపర్‌కి నీళ్ళు కొడదామని మీట లాగాను. నీళ్ళు అద్దం మీద పడలేదు. పైకప్పు గుడ్డ లోంచి మూడో వరస సీటు మీద కారాయి. పైన స్పాయిలర్ (డిక్కీ పైనుండే రెక్క) విప్పినప్పుడు నీళ్ళ ట్యూబు ఊడదీసి మళ్ళీ తగిలించడం మర్చిపోయారు. నేను కూడా వోల్టేజి చూసుకున్నాను గానీ నీళ్ళు చూసుకోలేదు. మళ్ళీ వారధి దాటి వెళ్ళాను. మేస్త్రీ వాదించలేదు, పది నిమిషాల్లో తగిలించి, కప్పు గుడ్డ ఆరేదాకా ఫ్యాన్ పెట్టించాడు, టీ తెప్పించాడు. డీజిల్ డబ్బులివ్వబోయాడు, తీసుకోలేదు. ట్యూబూ, పైన ఎర్ర బ్రేకు లైటూ, వైపరూ, డిక్కీ లాకూ మీరు అక్కడే ఒకసారి చూసుకుని బయల్దేరండి.

ఈమధ్య నాలుగు రోజులు జడివాన పట్టింది. డిక్కీ కార్పెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. ఒక్క గాజు పెంకు దొరికింది.

బిందె ఇంకా మా వరండాలోనే ఉంది. వచ్చే వారం భీమవరం వెళ్తున్నాం. ఈసారి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానంటోంది మా ఆవిడ.