వెనక వైపర్‌తో పదేళ్లు: మోటారు మార్చకుండానే రెండుసార్లు బాగుచేసుకున్నాను

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది, 2015లో, మేము చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు కొన్నాం. అప్పట్లో ఆ కారులో వెనక వైపర్ ఖరీదైన వేరియంట్‌లోనే వచ్చేది. షోరూములో స్టీరింగ్ మీది బటన్లూ, పాటల సిస్టమూ గొప్పగా చూపించారు గానీ, నేను అదనంగా డబ్బు పెట్టింది ఆ వైపర్ కోసమే. పదేళ్ల తర్వాతా ఆ మాట మీదే ఉన్నాను.

హ్యాచ్‌బ్యాక్‌కు అది ఎందుకు కావాలో వానలో ఘాట్ రోడ్డు ఎక్కితే తెలుస్తుంది. సెడాన్‌లో గాలి వెనక అద్దం మీదుగా జారి, డిక్కీ దాటి పోతుంది. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం గోడలా నిలువుగా ఉంటుంది కాబట్టి అక్కడ గాలి సుడి తిరుగుతుంది. చక్రాలు లేపిన బురద నీటిని ఆ సుడే తెచ్చి అద్దానికి కొడుతుంది. అరకు వెళ్లేటప్పుడు అనంతగిరి మలుపుల్లో పది నిమిషాలు చాలు, వెనక వచ్చే బస్సు లైట్లు రెండు పసుపు మరకల్లా మిగిలిపోతాయి.

ఆ మలుపుల్లోనే 2019 వానాకాలంలో మా వైపర్ మొదటిసారి మొరాయించింది. అంతకు ముందు కొన్ని వారాలుగా నెమ్మదించింది. సగం దూరం వెళ్లి, ఆలోచిస్తున్నట్టు ఆగి, మళ్లీ కదిలేది. ఆ రోజు పూర్తిగా ఆగిపోయింది. ఇంటికి వచ్చి చూస్తే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది వేసి స్విచ్ నొక్కితే, డిక్కీ తలుపులో నుంచి సన్నగా ‘ఊఁ’ అని మూలుగు వినిపించి, ఆ ఫ్యూజూ పోయింది.

సర్వీసు కేంద్రంలో రెండు నిమిషాలు చూసి మోటారు మొత్తం మార్చాలన్నారు. మనసొప్పలేదు. మా వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించాను. ఆయన స్విచ్ వేయమని, చెవి డిక్కీకి ఆనించి విన్నారు. “మోటారు బతికే ఉందమ్మా, బయటికి తిరగలేక మూలుగుతోంది” అన్నారు. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. శబ్దం వస్తోందంటే కరెంటు అందుతున్నట్టే. ఫ్యూజు కాలుతోందంటే మోటారు కదలలేక మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతున్నట్టు. ఇలాంటప్పుడు పెద్ద ఫ్యూజు వేస్తే వైర్లే కాలతాయి, ఆ పని ఎవరూ చేయవద్దు.

విప్పే పని మాత్రం నేనే చేశాను, ఆయన పక్కన ఉండి చెప్పారు. ఫ్యూజు తీసి పక్కన పెట్టి, వైపర్ ఆర్మ్ మీది ప్లాస్టిక్ మూత లేపి, పదో నంబరు పానాతో నట్టు విప్పాను. నట్టు వచ్చింది, ఆర్మ్ రాలేదు. అది పళ్లున్న ఇరుసు మీద బిగిసి కూర్చుంటుంది. చాలామంది ఇక్కడే స్క్రూడ్రైవర్ అద్దానికి ఆనించి ఎత్తుతారు. వెనక అద్దం టఫెన్డ్ గాజు, అంచున ఒక్క దెబ్బ తగిలినా మొత్తం రవ్వలుగా రాలిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేసి, మర్నాడు ఆర్మ్‌ను అటూ ఇటూ ఊపితే మెల్లగా వదిలింది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఇరుసును చేత్తో తిప్పి చూసి, తిరగకపోతే బిగుసుకుపోయింది అనుకుంటారు. మంచి మోటారుకైనా ఇరుసు చేత్తో తిరగదు. లోపల మోటారు కొసన మరలాంటి వర్మ్ గేరు ఉంటుంది. అది పక్కనున్న పళ్ల చక్రాన్ని తిప్పగలదు, చక్రం దాన్ని తిప్పలేదు. అందుకే గేరు పెట్టె మూత తీసి, ఆ చక్రాన్నీ ఇరుసునూ కలిపే లింకు విడదీసి, ఇరుసును విడిగా తిప్పి చూడాలి. మాది ప్లయరుతో పట్టుకున్నా కదల్లేదు. లింకు తీసేశాక మోటారుకు కరెంటు ఇస్తే మాత్రం హాయిగా తిరిగింది. ఐదు వేలు పెట్టి మార్చాలన్నది ఆ మోటారునే!

ఇరుసును జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్పూ వాషర్లూ తీసి, మర పాడవకుండా నట్టును ఇరుసు కొసకు సమంగా బిగించి, ఇరుసు చుట్టూ ఉన్న అల్యూమినియం గొట్టాన్ని హెయిర్ డ్రయర్‌తో వేడి చేశాను. అల్యూమినియం ఉక్కుకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. చెక్క ముక్క ఆనించి సుత్తితో తడుతూ పోతే ఐదారు దెబ్బలకు ఇరుసు బయటికి వచ్చింది. దానితోపాటు విభూతి లాంటి తెల్లని పొడి రాలింది. అదీ అసలు దోషి. విశాఖ పెదవాల్తేరులో మా ఇంటికి సముద్రం దగ్గరే. ఇరుసు పైన నీరు దిగకుండా ఉండే రబ్బరు వలయం, ఓ-రింగ్, ఎండి పగిలింది. ఉప్పు తేమ లోపలికి దిగింది. ఉక్కు ఇరుసు చుట్టూ ఉన్న అల్యూమినియం గొట్టం తినేసినట్టయి, ఆ పొడి ఉబ్బి ఇరుసును పిడికిలిలా పట్టేసింది. పాత గ్రీజు గోధుమరంగు జిగురులా ఎండిపోయి ఉంది.

ఇరుసును సన్నటి ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాను. అదే కాగితాన్ని పుల్లకు చుట్టి గొట్టం లోపలా తిప్పాను. కొత్త ఓ-రింగ్, సిలికాన్ గ్రీజు వేసి బిగించాను. డబ్ల్యూడీ-40 బిగుసుకున్నదాన్ని వదిలించడానికి మంచిది, కానీ అది గ్రీజు కాదు. దాన్నే కొట్టి ఊరుకుంటే కొన్నాళ్లకే ఆరిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. మొత్తం ఖర్చు, ఎలక్ట్రీషియన్ గారికి ఇచ్చిన నాలుగు వందలతో కలిపి, ఐదు వందల యాభై.

రెండోసారి, 2022లో, లక్షణం పూర్తిగా వేరు. శబ్దం లేదు, ఫ్యూజు బాగుంది, వైపర్ కదలదు. డిక్కీ మూసి ఉంటే పనిచేయదు, సగం ఎత్తితే పనిచేస్తుంది! అప్పుడప్పుడు నంబరు ప్లేటు దీపం కూడా మిణుకుమనేది. డిక్కీ తలుపు ఎత్తిన ప్రతిసారీ కీలు దగ్గరి రబ్బరు గొట్టంలో వైర్లు వంగుతాయి. ఏడేళ్లలో అవి ఎన్ని వేలసార్లు వంగి ఉంటాయో.

మల్టీమీటర్ ఇక్కడ నన్ను తప్పుదారి పట్టించింది. మోటారు కనెక్టరు దగ్గర 12.2 వోల్టులు చూపించింది కాబట్టి వైరు బాగుందనుకున్నాను. కానీ మల్టీమీటర్ కరెంటు దాదాపు లాగదు, ఒక్క రాగి పోగు మిగిలినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. అదే చోట 21 వాట్ల బ్రేకు బల్బు తగిలిస్తే, పొద్దుగూకే వేళ నిప్పుకణికలా ఎర్రగా మాత్రమే వెలిగింది. అనుమానం తీరింది. రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూస్తే, ఒక నీలం వైరు తొడుగు పగిలి, లోపల రాగి ఆకుపచ్చగా మారి, రెండు పోగులు మాత్రమే పట్టుకుని వేలాడుతున్నాయి.

ఆ తెగిన చోటే మెలేసి టేపు చుట్టడం అందరూ చేసే తప్పు. అది సరిగ్గా వంపులోనే ఉంటుంది కాబట్టి కొద్ది నెలల్లో మళ్లీ తెగుతుంది. గొట్టంలోని వైరు ముక్క మొత్తం తీసేసి, మెత్తటి సిలికాన్ తొడుగు ఉన్న వైరు వేశాం. అతుకులు వంపుకు అవతల ఒకటి, ఇవతల ఒకటి వచ్చేలా సోల్డర్ చేసి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవులు తొడిగాం. పక్కనున్న నంబరు ప్లేటు దీపం వైరూ పగుళ్లు చూపించింది, దాన్నీ మార్చాం. అప్పటినుంచి మూడేళ్లు, ఒక్కసారి కూడా ఆగలేదు.

బ్లేడు సంగతి తక్కువే చెప్పాలి. మాది 12 అంగుళాలది, ఎండకు ఏడాదికే గట్టిపడుతుంది. పొడి దుమ్ము మీద మాత్రం ఎప్పుడూ ఆడించవద్దు, ముందు నీళ్లు కొట్టాలి. లేకపోతే అద్దం మీద విల్లులాంటి గీతలు పడతాయి. మా అద్దం మీద మొదటి ఏడాదివి రెండున్నాయి, అవి పోవు.

హ్యాచ్‌బ్యాక్ కొంటున్నవారు వెనక వైపర్ ఉన్నదే తీసుకోండని నా గట్టి సలహా. ఉన్నవారు వానలు లేని నెలల్లోనూ వారానికోసారి అద్దం తడిపి ఆడించండి. ఇరుసు కదులుతూ ఉంటే తెల్లపొడికి పట్టుకునే అవకాశం తక్కువ. ఏడాదికోసారి మూత లేపి ఆర్మ్ తీసి, రెండు చుక్కల గ్రీజు వేయండి. ఈ ఏడాది తొలకరికి ముందు నేను అదే పని చేశాను. నట్టు వదులు చేసి ఆర్మ్‌ను కాస్త ఊపగానే చేతిలోకి వచ్చేసింది. ఆరేళ్ల కిందట వేసిన ఓ-రింగ్ ఇంకా మెత్తగానే ఉంది, ఇరుసు మీద తెల్లపొడి జాడ లేదు.