హేజీ ఐపీఏ: డబ్బు పెట్టేది వాసనకి, ముందు పోయేదీ అదే

క్రాఫ్ట్ బీరు గురించి ఎవరు చెప్పినా రంగు, నురుగు, ఆల్కహాల్ శాతం, ఐబీయూ అంకె (చేదుకి కొలత) చెప్తారు. క్యాన్ అడుగున అచ్చేసిన తేదీ సంగతి ఎవరూ ఎత్తరు. కొన్నేళ్ళుగా రకరకాలవి తాగుతూ నోట్సు రాసుకుంటున్నాను, ఇన్నాళ్ళకి నాలో గట్టిగా మిగిలిన కోపం ఆ తేదీ మీదే, అదీ ముఖ్యంగా హేజీ ఐపీఏల విషయంలో, అంటే మసకగా కనిపించే, పళ్ళ వాసన గుప్పుమనే బీర్ల విషయంలో.

ఒక హేజీ నాకు తెగ నచ్చింది, పేరు వద్దులెండి. గ్లాసులో పోస్తుంటేనే మామిడిపండు, నారింజ తొక్క వాసన గుప్పున వచ్చింది, చిక్కటి పసుపు రంగు, నోట్లో మెత్తగా జారి చివర్లో కాస్త చేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే కొనమని చెప్పాను. కొన్ని నెలలకి వేరే షాపులో, ఫ్రిజ్‌లో కాకుండా మామూలు అరలో అదే క్యాన్ కనిపించింది. అదే బొమ్మ, అదే ధర. ఇంటికి తెచ్చి చల్లబరిచి పోస్తే రంగులోనే తేడా, కోసి వదిలేసిన ఆపిల్ ముక్కలాగా మట్టిరంగుకి తిరిగింది. మామిడి లేదు, నారింజ లేదు, తడిసిన అట్టపెట్టె వాసన. నోట్లో పెట్టుకుంటే తేనెలాంటి మొద్దు తీపి, మింగాక గొంతులో గరుకుగా పట్టుకునే చేదు. గ్లాసులో ఏమైనా ఉందేమోనని ఇంకో గ్లాసు కడిగి మిగతాది అందులో పోశాను, అదే తంతు. అడుగు తిప్పి చూస్తే ప్యాక్ చేసిన తేదీ లేదు, బెస్ట్ బిఫోర్ ఒక్కటే ఉంది, దానికింకా మూడు నెలల టైముంది. కంపెనీకి మెయిల్ పెడితే ‘మేము ఏడాది గడువు ఇస్తాం, మీది గడువులోనే ఉంది కదా’ అన్నారు. అంటే నేను తాగింది తొమ్మిది నెలల సరుకన్నమాట!

మామూలు లాగర్‌తో (ఎక్కడపడితే అక్కడ దొరికే తేలికపాటి బీరు) పోలిస్తే హేజీకి ఎక్కువ ఎందుకు తీసుకుంటారంటే, పులిసేటప్పుడూ ఆ తర్వాతా అందులో గుప్పెళ్ళకొద్దీ హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) వేస్తారు. దాన్నే డ్రై హాపింగ్ అంటారు. అది చేదు కోసం కాదు, వాసన కోసం. ఆ వాసననిచ్చే నూనెలు నిలవుంటే నీరసించిపోతాయి. లోపల కొంచెం ఆక్సిజన్ మిగిలినా, బయట వేడిగా ఉన్నా ఇంకా తొందరగా పోతాయి. క్యాన్ వెలుతురుని ఆపుతుంది, నిజమే (పచ్చ సీసాల్లో ఎండ తగిలి స్కంక్ అనే జంతువు వదిలేలాంటి కంపు కొట్టే గొడవ దీనికి లేదు), కానీ వేడిని ఆపలేదు. కాబట్టి తొమ్మిది నెలల హేజీకి పూర్తి ధర ఇవ్వడమంటే, నా లెక్కలో, పోయిన హాప్స్‌కి డబ్బు కట్టడమే.

స్టౌట్ (మాడేలా వేయించిన గింజలతో చేసే నల్లటి బీరు) దగ్గర కథ తిరగబడింది. ఆల్కహాల్ పది శాతం పైన ఉన్న ఇంపీరియల్ స్టౌట్ ఒకటి అలమార వెనకాల చాలాకాలం ఉండిపోయింది, పెద్ద ఆశ లేకుండానే తీశాను. మాడిన కాఫీ ఘాటు తగ్గింది, ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ లాంటి రుచులు పైకొచ్చాయి. ఫ్రిజ్ చల్లదనంలో ఏమీ తెలియలేదు, గ్లాసు కాసేపు బయట పెట్టి పది పన్నెండు డిగ్రీలకి వచ్చాక తెలిసింది. అందులో డబ్బు ఎక్కువగా మాల్ట్‌కి (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పోతుంది, మాల్ట్ రుచి అంత తొందరగా చెడదు. అలాగని అన్ని స్టౌట్లూ దాచుకోవద్దు, నాలుగైదు శాతం ఉన్నవి కొన్నప్పుడే తాగేయండి. గోధుమ బీర్లలో ఉండే అరటిపండు, లవంగం వాసన ఈస్ట్ నుంచి వస్తుంది, అవి కూడా తాజాగానే బాగుంటాయి.

ఇక నేను పొగిడిన ఆ హేజీ. ఇప్పటికీ బాగుంటుందనే అంటాను, కాకపోతే ప్యాక్ చేసిన తేదీ కనిపించి, అది రెండు నెలల లోపుదై, షాపువాడు ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతుంటేనే. మా ఇంట్లో ఫ్రిజ్ చిన్నది, నేను వారానికి ఒకటికి మించి తాగను, అందుకని నాలుగు క్యాన్ల ప్యాక్ ఆఫర్ ఎంత ఊరించినా విడిగా ఒకటే కొంటున్నాను. బ్రూవరీ దగ్గర్లో ఉండి ట్యాప్ నుంచి తాగేవాళ్ళకి ఈ బాధ చాలావరకు ఉండదు, వాళ్ళు నా మాట పట్టించుకోనక్కర్లేదు.